తల్లిబండలో రింగు: క్రేన్ లేకుండా గాలిమరలు నిలబెట్టిన రోజులు

ఎక్కడం కాదు, దించడం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే. "అంకుల్, మీరు ఎంత ఎత్తు ఎక్కేవారు?" నేను ఎక్కలేదు నాయనా. ఇన్నేళ్ళు గాలిమరల పని చేసి ఒక్కసారి కూడా స్తంభం ఎక్కలేదు. ఆ మాట అనగానే వాళ్ళ ముఖాల్లో నా మీద గౌరవం కాస్త తగ్గుతుంది. తగ్గితే తగ్గనివ్వండి, నాకేం నష్టం లేదు.

మా పని ఎక్కడం కాదు, దాన్నే కిందికి రప్పించడం. మర పాడైతే స్తంభాన్ని మెల్లగా నేలకు వంచి, పీట వేసుకు కూర్చుని గ్రీజు పెట్టి, రెక్కలు తుడిచి, టీ తాగి మళ్ళీ నిలబెట్టేవాళ్ళం. క్రేన్ లేదు, లారీ వచ్చే దారి లేదు. ఐదుగురు మనుషులు, తాడు చుట్టి లాగే ఒక చేతి వించ్, తాళ్ళు, అంతే. ఆకాశంలో వేలాడుతూ నట్లు బిగించేవాళ్ళను చూస్తే నాకు జాలే గానీ అసూయ కలగదు.

నాకు వచ్చిన జీతాల పెంపులూ, మారిన హోదాలూ ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నాకు పని నేర్పిన ఒక్క తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు నాది. దాని నుంచి నన్ను బయటపడేసింది రాళ్ళు కొట్టే ఒక ఆడమనిషి.

పడుకున్నదాన్ని లేపడం

ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది తలకెక్కదు.

అరవై అడుగుల ఇనప గొట్టం. అడుగున తలుపుకు ఉన్నట్టే మడతబందు. గొట్టాన్ని నేల మీద పడుకోబెట్టి దాని కొసకు మర బిగిస్తాం. మా మరలు తేలిక, ఇద్దరు మోస్తే వచ్చేసేవి. స్తంభం మొదట్లో, దానికి నిలువుగా ఇంకో పొట్టి గొట్టం పెడతాం. దాన్ని మేం ఎత్తుగొట్టం అనేవాళ్ళం. దాని కొసకు తాడు కట్టి ముందునుంచి వించ్‌తో లాగుతుంటే పొట్టిది వంగుతుంది, పొడుగుది లేస్తుంది.

స్తంభం అటూ ఇటూ ఒరగకుండా రెండు పక్కలా స్టే తీగలుంటాయి. నిటారుగా వచ్చాక ముందుకు తూలిపోకుండా వెనక ఒకటి ఉంటుంది. ఈ తీగల చివరలూ, ముందున్న వించ్‌నూ నేలలో దిగ్గొట్టిన రింగులకు కడతాం. మెత్తటి నేలైతే గొయ్యి తవ్వి సిమెంటు పోస్తాం. బండ నేలైతే ఉలితో రంధ్రం చేసి, రింగు బోల్టు దింపి, సిమెంటు పోసి వారం ఆగుతాం. స్తంభం ఎంత బలమైనదైనా నిలబడేది ఆ రింగుల మీదే. చూడ్డానికి వచ్చినవాళ్ళు పైకి చూస్తారు, మేం మాత్రం కిందికి చూడాలి.

లేపేటప్పుడు ఒక్కరి గొంతే వినిపించాలని నేను పెట్టుకున్న నియమం. ఆ ఒక్కరూ నేనే. నేను చెయ్యి ఎత్తితే వించ్ తిరగాలి, దించితే ఆగాలి. మిగతావాళ్ళు నోరెత్తకూడదు. గుంటూరు జిల్లా నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చినవాణ్ణి, మరి ఆ మాత్రం పొగరు ఉండదా?

ఓబులేసు సార్

మా యజమాని ఓబులేసు గారిది అనంతపురం వైపు. బోర్లు వేసే వ్యాపారం నుంచి గాలిమరల్లోకి దూకాడు. తొంభైల చివర అది. మాదాపూర్‌లో హైటెక్ సిటీ మొదటి భవనాలు లేస్తున్న రోజులు. ఊళ్ళో ఉన్న క్రేన్లన్నీ అక్కడే. మేం వెళ్ళే చోట్లకు, అంటే బండల మధ్య ఉన్న బడికో, కోళ్ళ ఫారానికో, క్రేన్ రమ్మన్నా రాలేదు.

"క్రేన్ గురించి నా దగ్గర ఎత్తొద్దప్పా," అనేవాడు. "నీకు రెండు చేతులున్నాయి కదా, అదే క్రేను."

నోరు మంచిది కాదు. పదిమందిలో తిట్టేవాడు. పనివాళ్ళకు పేర్లుంటాయని కూడా గుర్తుండేది కాదు, అందరూ ఆయనకు "గుంపు". కానీ ఒక గుణం ఉంది. నిజం చెబితే ఎంత చేదైనా మింగేవాడు. అబద్ధం చెబితే మాత్రం జన్మలో మరిచేవాడు కాదు. అలాంటి యజమాని దొరికితే తిట్లు భరించి అయినా ఉండండి, నష్టపోరు.

గోపన్‌పల్లి దవాఖాన

మాదాపూర్ అవతల గోపన్‌పల్లి అప్పుడు నిజంగానే పల్లె. చుట్టూ బండలు, వాటి మధ్య రాళ్ళు కొట్టే వాళ్ళ గుడిసెలు. ఊరి చివర శాంతమ్మ గారు చిన్న దవాఖాన నడిపేవారు. ఆమె పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి మానేసి వచ్చిన మనిషి. వారంలో రెండు రోజులు ఒక డాక్టరు వచ్చేవాడు, మిగతా రోజులు ఆమే.

ఆమెకు గాలిమర కావలసింది ఒక ఫ్రిజ్ కోసం. ఆ ఫ్రిజ్‌లో పాముకాటు మందు. బండలు పగలగొట్టేవాళ్ళకు పాములతో రోజూ పేచీయే, వానలు మొదలైతే మరీను. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. మందు చల్లగా లేకపోతే చెడిపోతుంది.

"నాకు ఫ్యాను వద్దు, లైటు వద్దండి రత్నం గారూ," అన్నారు ఆమె మొదటి రోజే. "ఆ ఫ్రిజ్ ఒక్కటి ఆగకుండా చూడండి చాలు. వానలు రాకముందే కావాలండి."

నేను ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వానాకాలంలో ఆ బండ మీద గాలి బాగా కొడుతుంది, మిగతా నెలల్లో అంతంత మాత్రం. అందుకని కరెంటు ఉన్నంతసేపు దానితోనూ బ్యాటరీలు నింపుకునే ఏర్పాటు పెట్టాం. ఏడాదంతా గాలి ఇరగదీస్తుందని చెప్పి మర అంటగట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. మీరు అలా చెయ్యకండి.

రంధ్రాలు కొట్టడానికి ఆ గుడిసెల నుంచే మనుషులను పెట్టుకున్నాం. వాళ్ళకు పెద్ద బాలమ్మ. నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, సమ్మెట ఎత్తితే మాత్రం మగవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. ఏ బండ మీద కాలు పెట్టినా ముందు చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వినేది. నాకు అది వింతగా ఉండేది, కొంచెం నవ్వు కూడా వచ్చేది.

పొర

నాలుగు రింగుల్లో మూడింటికి పేచీ లేదు. ఎడమ పక్కది మాత్రం సరిగ్గా కొలత పడిన చోట విశాలమైన నున్నటి బండ. దాన్ని చూస్తేనే నాకు ధైర్యం వచ్చింది. రంధ్రం సగం దిగాక బాలమ్మ సమ్మెట ఆపి చిన్న సుత్తితో చుట్టూ కొట్టింది.

"సార్, గిది తల్లిబండ గాదు, పొర. పైన పర్సుకొని ఉన్నది గంతే. సప్పుడు ఇనుండ్రి, బొయ్యమంటున్నది."

నాకు ఏ బొయ్యీ వినబడలేదు. "అది జానెడు మందం ఉంది బాలమ్మా. ఏనుగును కట్టినా కదలదు," అన్నాను.

"ఏనుగు సంగతి నాకెర్క లేదు సార్. జర గటు జరిగి కొడ్దమా?"

జరిగితే కొలతలు మారతాయి, మళ్ళీ ఒక రోజు రంధ్రం, ఆ తర్వాత గానీ వారం సిమెంటు. మరుసటి వారమే ఓబులేసు సార్ మాదాపూర్ నుంచి ఇద్దరు పెద్దమనుషులను తెచ్చి, మర లేవడం చూపిస్తానని మాట ఇచ్చేశాడు. వాళ్ళకు నచ్చితే కొత్త భవనాల మీద మన మరలే అని ఆయన ఆశ. నేను అదే రంధ్రంలో రింగు దింపించాను. సిమెంటు గట్టిపడ్డాక అనుమానం తీరడానికి వించ్ పెట్టి రింగును గట్టిగా లాగాం. బండ వెంట్రుకవాసి కదల్లేదు.

"చూశావా?" అన్నాను.

బాలమ్మ సుత్తి నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది.

లేపే రోజు ఉదయం పెద్దమనుషులు ఇస్త్రీ బట్టల్లో వచ్చి గొడుగు కింద నిలబడ్డారు. ఓబులేసు సార్ వాళ్ళకు వివరిస్తున్నాడు. శాంతమ్మ గారు వరండాలో ఉన్నారు. వించ్ దగ్గర ఇద్దరు, కుడి రింగు దగ్గర ఇద్దరు, ఎడమ రింగు దగ్గర బాలమ్మ. నేను మధ్యలో చెయ్యి ఎత్తాను.

స్తంభం లేచింది. ఒక మూర, ఒక నిలువు, ఇంకొంచెం. సగానికి వచ్చేసరికి కుడివైపుకు తోస్తూ గాలి కొట్టింది. ఎడమ తీగ బిగుసుకుంది.

"ఆపుండ్రి," అని అరిచింది బాలమ్మ. "బండ లేస్తున్నది."

వించ్ వాళ్ళు నా వైపు చూశారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను చూసింది ఎడమ బండను కాదు, గొడుగు కింద ఉన్న ఇద్దరిని. వాళ్ళ ముందు సగంలో ఆపి దించడం నామోషీ అనిపించింది. చెయ్యి దించలేదు. వించ్ ఇంకో రెండు చుట్లు తిరిగింది.

పొర అంచు లేచి పెళ్ళున విరిగింది. రాతి ముక్కతో సహా రింగు ఊడి వచ్చింది. స్తంభం కుడివైపుకు పడిపోయింది. మడతబందు మెలితిరిగింది, మర నేలకు కొట్టుకుని రెక్క విరిగింది. స్తంభం సరిగ్గా కుడి రింగు మీదే పడింది. అక్కడ ఉండాల్సిన ఇద్దరూ అక్కడ లేరు. బాలమ్మ అరవగానే వెనక్కు పరుగెత్తారు. నా చెయ్యి చూస్తూ నిలబడి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు. నా నియమం వాళ్ళు పాటించలేదు కాబట్టి బతికారు. 

ఊడిన తీగ కొస బాలమ్మ ముంజేతిని చీల్చింది.

ఏడు కుట్లు

పెద్దమనుషులు కారెక్కి వెళ్ళిపోయారు. శాంతమ్మ గారు బాలమ్మను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి చెయ్యి కడిగి కుట్లు వేస్తున్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఓబులేసు సార్ వచ్చాడు.

"ఈ గుంపు వద్దప్పా," అన్నాడు, వాళ్ళంతా వింటుండగానే. "బండ సరిగ్గా కొట్టడం చేతకాదు వీళ్ళకి. రేపట్నుంచి వేరేవాళ్ళను పెట్టుకో."

బాలమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. నేను చెప్పిన గద అనలేదు, పొర అనలేదు. చూసింది, మళ్ళీ చేతి వైపు చూసుకుంది. నేనూ ఏమీ అనలేదు. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఆమె పని, ఆమె వెంట ఉన్న నలుగురి పని పోతుంది, పైగా చేతకానివాళ్ళన్న మాట పడుతుంది. అంత తేలికైన లెక్క వదిలేసి శాంతమ్మ గారి సూది వైపు చూస్తూ కుట్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు. నాలుగు. ఏడు.

ఏడో కుట్టు ముడి పడ్డాక చెప్పాను. "సార్, ఆమె వారం కిందటే చెప్పింది ఇది పొర అని. ఇందాక ఆపమని కూడా అరిచింది. ఆపనిది నేనే. తప్పు నాది."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మరి ఏడు కుట్లు పడేదాకా ఏం చేస్తాంటివప్పా?"

ఆయన కూడా లెక్కపెట్టాడన్నమాట. 

ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను. ఆయన వరండా మెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఏమ్మా, నీ పేరేంది?"

"బాలమ్మ."

"యాడ కొడితే నిలబడుతుందో నువ్వే చూపల్ల, బాలమ్మా. ఈయప్ప నీ వెనకాల నడుస్తాడు."

"గట్లనే గానీ, నేను ఆపుమంటె ఆగాలె," అంది ఆమె. "గది కాకుంటె నేను రాను."

"నువ్వనే కాదు, ఎవరు ఆపన్నా ఆగల్ల. ఎందుకని అడిగేది తర్వాత," అన్నాడు ఓబులేసు సార్. తర్వాత నా వైపు తిరిగి మరో పది తిట్లు తిట్టాడు. అవి నాకు ఆ రోజు ప్రసాదంలా అనిపించాయి.

అందరి మాట

కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో సుత్తి పట్టి బాలమ్మ నాకు పాఠం చెప్పింది. నేలలోంచి లేచిన తల్లిబండను కొడితే ఖంగుమంటుంది, సుత్తి ఎగిరి చేతికి వస్తుంది. పొరను కొడితే కింద ఏదో డొల్ల ఉన్నట్టు మోగుతుంది. సగం రోజు కొట్టీ కొట్టీ చివరికి నాకూ వినబడింది.

"మరి నేను వించ్ పెట్టి లాగితే ఎందుకు కదల్లేదు?" అని అడిగాను.

ఆమె తన అన్నం గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "మూతను పక్కకు నూకుండ్రి సార్."

నూకాను. మూత అంచు గిన్నెకు తగిలి కదల్లేదు.

"ఇగ మీదికి తీయుండ్రి."

మూత చేతిలోకి వచ్చేసింది. "మీరు గుంజి చూసింది గిట్ల నేలబారుగ. తాడు గుంజేది గట్ల మీదికి," అంది.

డిప్లొమాలో మొదటి ఏడాది చదివిన పాఠం అది. పరీక్ష పెట్టాను గానీ, పని ఏ దిక్కున జరుగుతుందో ఆ దిక్కున పెట్టలేదు. మీరు ఏది పరీక్షించినా సరే, నిజంగా బరువు ఏ వైపు పడుతుందో ఆ వైపు లాగి చూడండి. లేకపోతే ఆ పరీక్ష మీ మనసు కుదుటపడటానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఎడమ రింగు ఆరు అడుగులు జరిగింది. బాలమ్మ ఒంటి చేత్తో గురుతు పెట్టింది, ఆమె వాళ్ళు కొట్టారు, వంగిన గొట్టం మార్చాం. వానలు ఇంకా పడలేదు గానీ మబ్బులు పడుతున్నాయి. మళ్ళీ లేపే రోజున చూడటానికి పెద్దమనుషులెవరూ రాలేదు. ఓబులేసు సార్ ఒక్కడే వచ్చి నేల మీద కూర్చున్నాడు.

స్తంభం సగానికి వచ్చింది. ఎడమ తీగ బిగిసింది. అందరి కళ్ళూ బాలమ్మ మీదే. ఆమె రింగు మీద అరచెయ్యి పెట్టి చూసి తల ఊపింది. అప్పుడు వరండాలోంచి గొంతు వచ్చింది.

"ఆపండి, ఆపండి."

వించ్ ఠక్కున ఆగింది.  చూస్తే శాంతమ్మ గారు. "లోపల బాలింత తనూ చూస్తానంటోందండి. తీసుకొస్తాను, ఒక్క నిమిషం."

నేను ఓబులేసు సార్ వైపు చూశాను. ఆయన నవ్వు ఆపుకుంటూ, "ఎందుకని అడిగేది తర్వాత అనుకున్యాం కదప్పా, నిలబడు," అన్నాడు. బాలింత బిడ్డను ఎత్తుకుని వచ్చి అరుగు మీద కూర్చునేదాకా అరవై అడుగుల స్తంభం గాలిలో వాలుగా ఆగి ఉంది. ఎవరూ విసుక్కోలేదు. తర్వాత అది నిటారుగా నిలబడింది, మర గాలివాటుకు తిరిగి రెక్కలు కదిలాయి. ఆ వానాకాలం ఫ్రిజ్ ఆగలేదు. పాము కరిచి వచ్చి, ఆ మందుతో లేచి ఇంటికి నడిచి వెళ్ళిన వాళ్ళలో బాలమ్మ తమ్ముడు ఒకడు. నా ఉద్యోగంలో నాకు గర్వమంటూ ఉంటే అది ఇదే, దాచుకోను.

ఆ తర్వాత బాలమ్మ మా దగ్గరే చేరింది. ఏ ఊరు వెళ్ళినా రింగు చోటు ఆమె చెప్పేది, లేపడం నేను చూసుకునేవాణ్ణి, ఆపు అనే హక్కు అందరిదీ. అర్థంలేని ఆపులు చాలా పడ్డాయి. మేక వచ్చిందని, చెప్పు తెగిందని, ఎవడికో తుమ్ము వచ్చిందని. ఒక్కదానికీ ఎవరినీ కోప్పడలేదు. ఒకసారి కోప్పడితే రెండోసారి అరవాల్సినప్పుడు ఆ మనిషి నోరు నొక్కుకుంటాడు. స్తంభం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

మేడ మీద మర

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ మాదాపూర్ పెద్దమనుషులు ఏడాది తర్వాత మళ్ళీ వచ్చారు. వాళ్ళ కొత్త ఆఫీసు మేడ మీద మర పెట్టాలట. మేడ అంచుల మీద గాలి సుడి తిరుగుతుంది, మర సరిగ్గా ఆడదు, భవనమంతా అదురు దిగుతుంది అన్నాను.

"కరెంటు ఎంత వచ్చినా పర్లేదండి, తిరుగుతూ కనిపిస్తే చాలు," అన్నాడు అందులో ఒకాయన.

ఓబులేసు సార్ ఆశపడి ఒప్పుకున్నాడు, పెట్టాం. మూడో వారం ఫోను. పై అంతస్తులో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలకు రోజంతా తలమీద బోరు మోటారు తిరుగుతున్నట్టు ఉందట. వెళ్ళి దించేశాం. దించేటప్పుడు ఓబులేసు సార్, "ఆపమని నువ్వు ముందే చెప్పినావు కదప్పా, నేనే వినలేదు," అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట వినడం కోసం ఇంకో నాలుగు మేడలెక్కినా నాకు ఫర్వాలేదు.

తీగ మీద బట్టలు

తర్వాత గోపన్‌పల్లికి కరెంటు కుదురుకుంది, శాంతమ్మ గారు పెద్దవారై దవాఖాన మూసేశారు. ఆఖరిసారి స్తంభాన్ని దించింది కూడా మేమే, నేనూ బాలమ్మా. పాత రింగులు అక్కడే వదిలేశాం.

ఈ మధ్య మా బంధువుల కొత్త ఫ్లాటులో ప్రార్థన ఉందంటే వెళ్ళాను. గోపన్‌పల్లే. ఎటు చూసినా అపార్టుమెంట్లు, ఏది ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. ప్రార్థన అయ్యాక కిందికి దిగి వెనక గోడవారగా నడుస్తుంటే, పూలకుండీల పక్కన కొంచెం బండ మిగిలి ఉంది. అందులో తుప్పు పట్టిన రింగు, బాలమ్మ గురుతు పెట్టిందే. వాచ్‌మన్ భార్య దానికి తీగ కట్టి బట్టలు ఆరేస్తోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఏందో సార్, మేం రాకముందుకెళ్లి ఉన్నదట. కట్టేటప్పుడు మిషన్ పెట్టి గుంజితే మిషనే ముందటికి లేసిందట గానీ గిది రాలే. ఇగ ఇడిసిపెట్టిండ్రు."

అక్కడే నిలబడి బాలమ్మకు ఫోను చేశాను. ఇప్పుడు ఆమె మనవరాలి దగ్గర ఉంటోంది, చెవులు కొంచెం మందగించాయి. గట్టిగా చెప్పాను, నీ రింగు ఇంకా ఉంది, మిషన్ పెట్టి లాగినా రాలేదట అని.

"ఉండకేం జేస్తది," అంది ఆమె. మళ్ళీ తనే అడిగింది, "మీ పొర సంగతేంది సార్?"

ఆరడుగుల అవతల, ఆ నున్నటి బండ ఉండే చోటికి చూశాను. అక్కడ సిమెంటు చదును చేసి కార్లు పెట్టారు.

"పోయింది, బాలమ్మా."

"పోతదని గప్పుడే చెప్పిన గద."

"చెప్పావు," అన్నాను.